గడ్డం గీసుకునే తొలి కత్తి ఎలా ఎంచుకోవాలి

ఫోనులో కత్తుల బొమ్మలు చూడటం మొదలుపెడితే ఒక రాత్రి ఇట్టే గడిచిపోతుంది. పిడి మీద నగిషీలు, రేకు మీద అలలు అలలుగా గీతలు, ఎర్ర వెల్వెట్టు పరిచిన పెట్టెలు. వాటి జోలికి పోకముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. పదును పోయిన రోజున మీ కత్తిని ఎవరు నూరిపెడతారు?

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా ఇంటిల్లిపాదికీ క్షవరం చేసే పెద్దాయన నన్ను మొట్టమొదట అడిగింది ఇదే. కొత్త కత్తి చూపిద్దామని తీసుకెళితే పెట్టె మూత కూడా తెరవకుండా, "కొన్నావు, సరే నాయనా. నూరేది ఎవురు?" అన్నారు.

"మీరున్నారు కదా పెదనాయనా."

"నేనెన్నాళ్లుంటా? ముందు నూరడం చూసుకో. కత్తి యాడికీ పోదు."

కింద చెప్పేదంతా ఆయన పెట్టిన వరసలోనే చెబుతున్నాను. ముందు నూరడం, తర్వాత కొనడం.

ఏ కత్తి కావాలో ముందు తేల్చుకోండి

నెల్లూరులోనో ఒంగోలులోనో సెలూన్ సామాన్ల కొట్టుకెళ్లి గడ్డం కత్తి కావాలంటే మీ చేతిలో పెట్టేది బ్లేడు మార్చుకునే మడతకత్తి. రెండువైపులా అంచున్న మామూలు బ్లేడుని కాగితంతో సహా మధ్యకి విరిచి, సగం ముక్క అందులో దూర్చి వాడతారు. 1990లలో ఎయిడ్స్ గురించిన ప్రచారం ఊరూరా చేరాక, మనిషికో కొత్త బ్లేడు అన్న పద్ధతి సెలూన్లలో స్థిరపడింది. అది ఎంతో మేలు చేసిన మార్పు. తిరుమల కల్యాణకట్టలో మన తల మీద నడిచేదీ బ్లేడు మార్చే కత్తే.

ఇక్కడ చెబుతున్నది దానికంటే పాతదైన అసలు మంగలికత్తి గురించి. రేకంతా ఒకటే ఉక్కు. నూరుకుంటూ పోతే ఒక మనిషి జీవితకాలం వస్తుంది, కొడుక్కీ మిగులుతుంది. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ చేతిలో వాటి స్వభావం వేరు. సగం బ్లేడు కత్తి తేలిక, అంచు కరుకు. కోణం కాస్త తప్పితే చాలు, చర్మం తెగుతుంది. అసలు కత్తికి బరువుంటుంది. తోలు మీద తిప్పి తీర్చిన వాదర, అంటే కోసే అంచు, చర్మం మీద మెత్తగా జారుతుంది.

"ముందు సగం బ్లేడుతో నేర్చుకుని తర్వాత అసలు కత్తికి రావాలి" అనే సలహా మీకు చాలామంది ఇస్తారు. నేను ఒప్పుకోను. ఎడమచేత్తో చర్మం లాగిపట్టడం తప్ప అక్కడ నేర్చుకున్నది ఇక్కడ పెద్దగా పనికిరాదు. పైగా నాలుగు గాట్లు పడి భయం పట్టుకుంటుంది. అయితే నూరడం, తోలు మీద తిప్పడం, తుడిచి దాచడం మీకు విసుగనిపించే పనులైతే సగం బ్లేడు కత్తే కొనుక్కోండి. కొద్ది వందల్లో అయిపోతుంది, గడ్డమూ నున్నగా వస్తుంది.

నూరేవాళ్లని వెతకండి

ఇది రెండో మెట్టు. తొందరపడి దీన్ని దాటకండి. మీ ఊళ్లో అరవై దాటిన క్షురకుల దగ్గరకి వెళ్లండి. కావలి అయినా కనిగిరి అయినా పాత బజారులో ఒకరో ఇద్దరో తప్పక ఉంటారు. పొదిలో సానరాయి, తోలుపట్టీ పెట్టుకుని ఆదివారం పూట ఇల్లిల్లూ తిరిగిన తరం వాళ్లది. గడ్డం చేయించుకోండి, కూర్చుని మాట్లాడండి, పాత కత్తి ఉందా అని అడగండి. చాలామంది మురిసిపోతారు. మా పెదనాయన తన రాయిని గుడ్డ విప్పి చూపించినప్పుడు, అది మధ్యలో చేట లాగా లోతుపడి ఉంది. యాభై ఏళ్ల చేతివాటం ఆ గుంటలో కనిపించింది.

ఎవరూ దొరక్కపోతే రెండు దారులున్నాయి. నూరి, వాడటానికి సిద్ధం చేసి పంపే అమ్మకందారు దగ్గరే కత్తి కొనడం ఒకటి. మీరే నేర్చుకోవడం రెండోది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. సైకిలు మీద చక్రం తిప్పుకుంటూ వీధిలోకొచ్చే సానవాళ్లకి మంగలికత్తి ఇవ్వకండి. కత్తిపీటకీ కత్తెరకీ వాళ్లే దిక్కు, కానీ ఇది వాళ్ల పని కాదు. మా తాత కత్తిని నేనే అలా ఇచ్చాను. చక్రం మీద నిప్పురవ్వలు లేచాయి. అర నిమిషంలో తిరిగిచ్చిన కత్తి వాదర పొడుగునా నీలిరంగు చార ఉంది. ఉక్కు నీలం తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దరిదాపుకి వెళ్లిందన్నమాట. ఆ వేడికి ఉక్కులోని గట్టిదనం దిగిపోతుంది, ఇక ఎంత నూరినా పదును నిలవదు. ఆ కత్తి ఇప్పటికీ బీరువాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా బాధేస్తుంది. మీకా బాధ వద్దనే ఇంతగా చెప్పడం.

చక్రం ఎందుకు కూడదో ఇంకో కారణమూ ఉంది. మంగలికత్తిని నూరేటప్పుడు దాని వెన్నూ వాదరా రెండూ ఒకేసారి రాతికి ఆని ఉండాలి. కోణాన్ని మనం చేత్తో పట్టనక్కర్లేదు. వెన్ను మందమే కోణాన్ని నిలబెడుతుంది. అది మామూలుగా 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. చక్రం మీద వాదర ఒక్కటే ఆనుతుంది కాబట్టి ఆ లెక్క మొత్తం చెదిరిపోతుంది.

కొలతలు, ఆకారం

రేకు వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 4/8, 5/8, 6/8, 7/8 అని కనిపిస్తాయి. తొలి కత్తికి 5/8 తీసుకోండి, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. 6/8 అయినా ఫరవాలేదు. అంతకంటే వెడల్పైతే ముక్కు కింద తిప్పడం కష్టం. 4/8 మరీ తేలిక, నురగ రెండు గీతలకే రేకు నిండిపోతుంది.

మొన గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. చదరంగా, కోసుగా ఉన్న మొన మీసం అంచు తీర్చడానికి బాగుంటుంది. కానీ కొత్తచేతికి చెవి తమ్మె మీదే దాని గురి. ఇందులో రాజీ వద్దు.

ఇక రేకు పక్కలు ఎంత లోపలికి గుల్లగా చెక్కారన్నది. పూర్తిగా గుల్లచేసిన రేకు కాగితంలా పలచన. గడ్డం మీద నడుస్తుంటే సన్నగా పాడుతుంది కూడా. ఆ శబ్దం వింటే కోణం సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. అసలు గుల్లచేయని మందపాటి రేకు గట్టి గడ్డానికి మంచిదంటారు, కానీ నూరడం పెద్ద పని. మొదటిసారికి సగం గుల్లదో పూర్తి గుల్లదో చూసుకోండి. రెండిట్లో నాకు సగం గుల్లదే ఇష్టం, కొత్తచేతి తప్పులని కాస్త ఓర్చుకుంటుంది.

పిడి గురించి ఎక్కువ ఆలోచించకండి. మామూలు ప్లాస్టిక్ పిడి చాలు. మన వాతావరణానికి అదే మంచిది, చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది. ఏనుగు దంతం పిడి అని ఎవరైనా చెబితే మాత్రం ఆ కత్తి ముట్టుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దంతం అమ్మకం నిషేధం.

ఉక్కు, మన ఊరి నీళ్లు

మామూలు కార్బన్ ఉక్కు త్వరగా నూరుడు పడుతుంది, పదును చక్కగా నిలుస్తుంది, కానీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ రకం నూరడానికి కాస్త మొండి. పుస్తకంలో చదివితే తొలి కత్తికి కార్బన్ ఉక్కే అని ఉంటుంది. నేనూ అదే అంటాను, ఒక్క మినహాయింపుతో. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉంటూ, రోజూ తుడిచి నూనె రాసే ఓపిక లేదనుకుంటే స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఉప్పుగాలి ఒక్క రాత్రిలో వాదర మీద చుక్కలు పెట్టగలదు. పైనుంచి చూస్తే చీమ తలంత చుక్క. వాదర దగ్గర అది గండి.

కనిగిరి, పామూరు వైపు ఇంకో చిక్కు. బోరు నీళ్లు గట్టివి, సబ్బు నురగ సరిగ్గా లేవదు. పలచటి నురగ మీద ఎంత మంచి కత్తైనా పీకుతుంది. ఆ నీళ్లు ఆరిన చోట రేకు మీద తెల్లటి మచ్చలూ మిగులుతాయి. అక్కడి వాళ్లు నురగకీ చివర కత్తి కడగడానికీ ఒక గ్లాసు క్యాన్ నీళ్లు వాడండి. కత్తి మంచిది కాదని తీసిపారేసే ముందు నీళ్లు మార్చి చూడండి.

కొత్తది కొంటే

పేరున్న కత్తులకి పుట్టిల్లు జర్మనీలోని సోలింగెన్. ఆ ఊరి పేరుని ఎవరు పడితే వాళ్లు కత్తుల మీద వేసుకోకుండా 1938లోనే అక్కడ చట్టం చేశారు. బోకర్ 1869లో, డోవో 1906లో అక్కడే మొదలైన కంపెనీలు. ఫ్రాన్సులో థియేర్ పట్టణానికి ఇలాంటి పేరే ఉంది. ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌ది పైచేయి. ఇవి కొత్తవైతే వేలల్లోనే ఉంటాయి. ఖరీదు చూసి వెనక్కి తగ్గడం తప్పేమీ కాదు, పాత కత్తి దారి కింద చెబుతాను.

ఎక్కడ కొన్నా అమ్మేవాళ్లని ఒక ప్రశ్న అడగండి. "గడ్డం గీసుకోవడానికి సిద్ధంగా నూరి పంపుతారా?" ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పదును చాలాసార్లు గడ్డానికి చాలదు. కొత్తవాళ్లకి ఆ తేడా తెలియదు. మొండి కత్తితో మొదలుపెట్టి, మంటలు పుట్టి, "ఇది మనవల్ల కాదు" అని పక్కన పెట్టేస్తారు. కత్తి మీద విరక్తి పుట్టిన వాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది కథ ఇదే.

అలలు అలలుగా గీతలున్న చవక కత్తులు వద్దు. పేరు ఊరు లేని అలాంటిది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. రేకు వంకర. వెన్ను ఒక చివర మందం, ఇంకో చివర పలచన. ఆరు గంటలు రాయి మీద పెట్టినా మధ్యలో అంగుళం మేర వాదర రాతికి తగలనే లేదు. అలంకారానికి చేసిన వస్తువుని మొహానికి పెట్టకూడదు.

పాతది దొరికితే

నిజం చెప్పాలంటే మన దగ్గర ఇదే మంచి దారి. తాతల పెట్టెల్లో, మూతపడిన సెలూన్ల సొరుగుల్లో సోలింగెన్, షెఫీల్డ్ ముద్రలున్న కత్తులు ఇంకా ఉన్నాయి. చూడాల్సినవి ఓపిగ్గా చూస్తే కొత్తదానికంటే మెరుగైన ఉక్కు తక్కువ ధరకి దొరుకుతుంది.

మొదట వాదరని పైకి తిప్పి దీపం కింద పట్టండి, నేరుగా దాని గీత మీదకి చూడండి. పదునైన వాదర వెలుతురుని తిప్పికొట్టదు, నల్లటి గీతలా మాయమవుతుంది. ఎక్కడెక్కడ మెరుపు చుక్కలు కనిపిస్తే అక్కడ మొండిదనమో గండో ఉంది. చిన్న గండ్లు నూరితే పోతాయి. వాదర నుంచి పైకి పాకిన సన్నని నెర్రె మాత్రం పోదు. గోటిని వాదరకి కాస్త పైన, రేకు పక్క మీద పొడుగునా మెల్లిగా జార్చండి, నెర్రె ఉంటే గోరు తట్టుకుంటుంది. అలాంటి కత్తి ఊరికే ఇచ్చినా వద్దు.

తర్వాత తుప్పు. పైపై ఎర్రమచ్చలకి భయపడకండి. వాదర పక్కనే నల్లగా లోతుపడిన గుంటలుంటే వదిలేయండి. ఎంత నూరినా కొత్త గుంట బయటపడుతూనే ఉంటుంది.

ఇక వెన్ను. ఏళ్ల తరబడి రాతికి ఆనిన వెన్ను మీద చదునైన పట్టీ ఒకటి ఏర్పడుతుంది. అది రెండు వైపులా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే వెడల్పులో ఉండాలి. ఒకచోట వెడల్పుగా, ఒకచోట దారంలా ఉంటే నూరిన చెయ్యి సరైనది కాదు. వాదర గీత మధ్యలో లోపలికి వంగి ఉంటే ముఖం ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. అదీ వద్దు. కొద్దిగా బయటికి వంగి నవ్వినట్టుంటే ఫరవాలేదు గానీ తొలి కత్తికి తిన్ననిదే మేలు.

రేకు వంకర తెలుసుకోవడానికి మా జిల్లాల వాళ్లకి ఒక సదుపాయం ఉంది. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ చేసిన ముక్క ఎవరింట్లోనైనా ఉంటుంది, వంటగట్టు వేయగా మిగిలినదైనా చాలు. బంగారు చుక్కల నల్లరాయి, అద్దంలా చదును. దాని మీద పలచటి కాగితం పరిచి, కత్తిని పక్కకి పడుకోబెట్టండి. వెన్నూ వాదరా రెండూ ఆనాలి. లాగకండి, ఊరికే పెట్టండి. వెనక నుంచి ఫోను దీపం వేసి ఇటునుంచి చూడండి. వెలుతురు ఎక్కడ దూరితే అక్కడ వంకర. కత్తి తిరగేసి రెండో వైపూ చూడండి. ఆ గ్రానైట్ ముక్కని పారేయకండి, రేపు మీ సానరాయి మధ్యలో లోతుపడితే దాని మీదే నీటి ఎమెరీ కాగితం అంటించి చదును చేసుకోవచ్చు. రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, గళ్లన్నీ చెరిగిపోయేదాకా రుద్దితే చదునైనట్టు.

చివరిగా పిడి మూసి చూడండి. వాదర ఎటూ తగలకుండా పిడి మధ్యలోకి దిగాలి. పాత పిడిని వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వచ్చిందనుకోండి, అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. పాతబడి కుళ్లితే ఆమ్లపు ఆవిరి వదిలి దగ్గరున్న రేకుని తినేస్తుంది. పిడి మార్పించగలిగితేనే కొనండి.

పాత కత్తిని సబ్బుతో కడిగి, నూరించి, సర్జికల్ స్పిరిట్‌తో తుడిచాకే మొహానికి పెట్టండి. ఆ తర్వాత దాన్ని ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వకండి. రక్తం ద్వారా వచ్చే జబ్బులు హెపటైటిస్-బి సహా చాలా ఉన్నాయి. ఒక కత్తికి ఒకే మనిషి.

తోలుపట్టీ, రాయి

కత్తితో పాటు అదే రోజు తోలుపట్టీ కొనండి. ఇది లేకుండా కత్తి కొనడం అంటే గిత్తను తెచ్చి పలుపు మర్చిపోవడమే. మూడంగుళాల వెడల్పు ఉంటే కత్తి మొత్తం ఒకేసారి ఆనుతుంది. పాత ప్యాంటు బెల్టు పనికిరాదు, దాని మీద రంగుపూత, అంచున కుట్లు ఉంటాయి. వాడే ప్రతిసారీ ముందు గుడ్డ మీద ఇరవై ముప్పై, తోలు మీద యాభై దాకా తిప్పాలి. వెన్ను ముందు, వాదర వెనక. చివరికి రాగానే వెన్ను మీదే కత్తిని దొర్లించి తిప్పండి. వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది, పదునూ పోతుంది. మొదటి వారం ఎవరి తోలుకైనా గాట్లు పడతాయి కాబట్టి ఖరీదైనది కొనకండి.

రాయి వెంటనే అక్కర్లేదు. తోలు సరిగ్గా వాడితే నూరించిన కత్తి ఇంటి వాడకానికి కొన్ని నెలలు నడుస్తుంది. మెల్లగా మొండివారుతున్నప్పుడు 8000, 12000 నంబరు రాళ్ల మీద కాసేపు తిప్పితే చాలు (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు). 1000 నంబరు నుంచి మొదలుపెట్టాల్సింది గండ్లుంటేనే. ఇంట్లో పలకముక్క ఉంది కదా అని దాని మీద నూరకండి. ఆ రాయి గరుకెంతో లెక్క తెలియనిదే వాదరకి పెట్టకూడదు.

మొదటి పదిరోజులు

కత్తిని చర్మానికి 30 డిగ్రీల వాలులో పట్టండి. మొదటి రెండు మూడు రోజులు చెంపల మీదే, పై నుంచి కిందికి, చిన్న చిన్న గీతలు. మిగతాది మీ మామూలు రేజరుతో ముగించండి. గడ్డం కింద, పెదవి పైన రెండో వారం చూసుకోవచ్చు. నొక్కకండి. పీకుతున్నట్టనిపిస్తే ఆగి తోలు మీద మళ్లీ తిప్పండి. తడి పటిక ముక్క పక్కన ఉంచుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

అయ్యాక కత్తిని కుళాయి కింద పట్టి, వెన్ను వైపు నుంచి వాదర వైపుకి మెత్తటి గుడ్డతో తుడవండి. కీలు దగ్గర నీళ్లు దాక్కుంటాయి, అక్కడ కాగితం మడిచి దూర్చండి. వెంటనే పిడిలోకి మూయకుండా కాసేపు గాలికి ఆరనివ్వండి. కొబ్బరినూనె రాయకండి. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేలితో రేకంతా పలచగా పట్టించండి. స్నానాలగదిలో ఉంచకండి. ఈశాన్య రుతుపవనం పట్టుకుని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు వదలని రోజుల్లో, నూనె రాసిన కత్తిని పొడి గుడ్డలో చుట్టి, పిల్లలకి అందని పై అరలో బట్టల మధ్య పెట్టండి. వారానికోసారి విప్పి చూసి, నూనె ఆరిపోయినట్టుంటే మళ్లీ రాయండి.